కారుకి ఏ గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ వేయాలి: డబ్బా మీద అంకెలు, వాటి కింద చిన్న అక్షరాలు

కారు సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ఏ ఆయిల్ వేయమంటారని మెకానిక్ అడిగితే చాలామంది "మంచిది వేయండి" అనేసి ఊరుకుంటారు. ఇంజిన్ ఆయిల్‌లో అలా అన్ని కార్లకీ మంచిది అంటూ ఏదీ ఉండదు. బాగా ఖరీదైన ఫుల్ సింథటిక్ కూడా మీ ఇంజిన్‌కి పనికిరాని ఆయిల్ అవొచ్చు, పక్కనే తక్కువ ధరకి ఉన్న డబ్బా సరిగ్గా సరిపోవచ్చు. చూసుకోవాల్సినవి రెండు: డబ్బా ముందువైపు పెద్దగా రాసి ఉండే గ్రేడ్, అంటే 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటివి, ఇంకోటి వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే స్పెసిఫికేషన్. గ్రేడ్ గురించి జనం గంటలకొద్దీ వాదించుకుంటారు, స్పెసిఫికేషన్ జోలికి మాత్రం పెద్దగా ఎవరూ పోరు. ఇప్పటి కార్లకి నా లెక్కలో రెండోదే ఎక్కువ ముఖ్యం. కానీ అది అర్థం కావాలంటే ముందు గ్రేడ్ సంగతి తేలాలి కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

ఆ రెండు అంకెలు ఏం చెబుతాయి

ఈ గ్రేడులన్నీ ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంఘం పెట్టిన జె300 అనే ప్రమాణం ప్రకారం ఇస్తారు. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటర్. దానికి ముందున్న 5 చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతుంది, తర్వాత ఉన్న 30 ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. రెండింటికీ పరీక్షలు వేరు, కొలతలు వేరు.

ముందు అంకె సంగతి త్వరగా అయిపోతుంది. 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, ఆ చలిలో స్టార్టర్ మోటార్ ఇంజిన్‌ని తిప్పగలిగేంత పల్చగా ఉందా లేదా అని. 5డబ్ల్యూకి మైనస్ 30, 10డబ్ల్యూకి మైనస్ 25, 15డబ్ల్యూకి మైనస్ 20, 20డబ్ల్యూకి మైనస్ 15. పంపు ఆ ఆయిల్‌ని లాగగలదా లేదా అన్నది ఇంకో ఐదు డిగ్రీలు కిందికి దించి చూస్తారు. కాబట్టి నీళ్ళు గడ్డకట్టేంత చలి ఎప్పుడూ పడని చోట 5డబ్ల్యూ వేస్తే బండి స్టార్ట్ అవుతుందా, 10డబ్ల్యూ వేస్తే అవ్వదా అన్న టెన్షన్ అక్కర్లేదు. అయినా ఈ అంకె చిన్నగా ఉంటే కొంత లాభమే, రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైన క్యామ్‌షాఫ్ట్ దాకా కాస్త తొందరగా చేరుతుంది.

రెండో అంకె దగ్గర కొంచెం ఆగి చూడాలి. 100 డిగ్రీల వేడి దగ్గర ఆయిల్ ఎంత సులువుగా జారుతుందో సెంటీస్టోక్స్ అనే కొలతలో చూస్తారు. 6.9 నుంచి 9.3 లోపు వస్తే అది 20 గ్రేడ్, 9.3 నుంచి 12.5 లోపు అయితే 30, 12.5 నుంచి 16.3 లోపు అయితే 40, 16.3 నుంచి 21.9 లోపు అయితే 50. ఈ హద్దులు చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఒక కంపెనీ 5డబ్ల్యూ-30 కొలత 12.2 ఉండొచ్చు, ఇంకో కంపెనీ 5డబ్ల్యూ-40 కొలత 12.8 ఉండొచ్చు, పేరుకి గ్రేడులు వేరైనా ఆ రెండూ దాదాపు ఒకేలా ప్రవహిస్తాయి. అదే 9.5 ఉన్న 5డబ్ల్యూ-30కీ 12.2 ఉన్న 5డబ్ల్యూ-30కీ గ్రేడ్ ఒకటే అయినా మధ్యలో చాలా దూరం ఉంది. ఆయిల్ కంపెనీలు ప్రతి ఆయిల్‌కీ టెక్నికల్ డేటా షీట్ పెడతాయి, అందులో 100 డిగ్రీల దగ్గర విస్కాసిటీ అన్న వరుస చూస్తే అసలు కొలత దొరుకుతుంది. గ్రేడ్ గురించి వాదించే ముందు ఆ ఒక్క వరుస చూడటం ఎంతో మేలు.

5డబ్ల్యూ-30 చల్లగా ఉన్నప్పుడు పల్చగా ఉండి వేడెక్కాక చిక్కబడుతుందని కొందరు గట్టిగా నమ్ముతారు. ఏ ఇంజిన్ ఆయిల్ అయినా వేడెక్కేకొద్దీ పల్చబడుతుంది, అంతే. మామూలు 5డబ్ల్యూ-30 ఒకటి తీసుకుంటే 40 డిగ్రీల దగ్గర 60, 70 సెంటీస్టోక్స్ ఉండేది 100 డిగ్రీలకి వచ్చేసరికి పదీ పన్నెండుకి పడిపోతుంది. మల్టీగ్రేడ్ ఆయిల్‌లో కలిపే పాలిమర్లు చేసే పని ఏంటంటే ఆ పడిపోవడాన్ని కొంత నెమ్మది చేయడం. ఇందులోంచి వచ్చే ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి, పొద్దున స్టార్ట్ చేసే సమయానికి 0డబ్ల్యూ-20 కూడా ఇంజిన్‌కి కావాల్సినదానికన్నా ఎన్నో రెట్లు చిక్కగానే ఉంటుంది. అందుకే "పల్చటి ఆయిల్ పోస్తే స్టార్టింగ్‌లో అరిగిపోతుంది" అన్న భయంలో పస లేదు.

డబ్బా ముందు కనిపించని మూడో కొలత

బేరింగుల్లో ఆయిల్ పడే పాట్లు ఆ 100 డిగ్రీల పరీక్షలో కనపడవు. క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటే దానికీ బేరింగుకీ మధ్య వెంట్రుకకన్నా సన్నగా ఉండే సందులో ఆయిల్ విపరీతంగా నలుగుతుంది, అక్కడ వేడి కూడా ఎక్కువ. అలాంటప్పుడు పాలిమర్లు ప్రవాహం దిశలోకి సాగిపోయి ఆయిల్ తాత్కాలికంగా ఇంకా పల్చబడుతుంది. దీన్ని పట్టుకోవడానికి 150 డిగ్రీల దగ్గర, తీవ్రంగా నలుగుతున్న స్థితిలో చిక్కదనం కొలుస్తారు. హై టెంపరేచర్ హై షియర్, పొట్టిగా హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. ఇంజిన్‌ని నిజంగా కాపాడే ఆయిల్ పొర ఎంత మందంగా నిలబడుతుందో చెప్పేది ఈ కొలతే.

16 గ్రేడ్‌కి ఇది కనీసం 2.3 ఉండాలి, 20కి 2.6, 30కి 2.9, 5డబ్ల్యూ-40 లాంటివాటికి 3.5. 15డబ్ల్యూ-40కి 3.7. ఇక్కడ జాగ్రత్తగా చూడండి, 30 గ్రేడ్‌కి 2.9 అన్నది కనీసం మాత్రమే. యూరప్ కార్ల కోసం చేసిన చాలా 5డబ్ల్యూ-30 ఆయిల్స్ 3.5 దాటేలా తయారవుతాయి. మైలేజీ కోసం చేసిన 5డబ్ల్యూ-30 మూడు చుట్టుపక్కల ఉంటుంది. రెండు డబ్బాల మీదా ముందువైపు 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది! 3.5 కావాల్సిన ఇంజిన్‌లో మొదటిదానికి బదులు రెండోది పోస్తే గ్రేడ్ సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ ఇంజిన్ అడిగింది అది కాదు. స్పెసిఫికేషన్ చదవమని మొదట్లో అన్నది ఇందుకే.

ఎండ ఎక్కువని చిక్కటి ఆయిల్ పోయొచ్చా

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "ఎండలు మండిపోతున్నాయి, 20 గ్రేడ్ నీళ్ళలా అయిపోతుంది, 20డబ్ల్యూ-50 వేయించు" అనే సలహా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. బయట 10 డిగ్రీలున్నా 42 డిగ్రీలున్నా వేడెక్కిన ఇంజిన్‌లో కూలెంట్ వేడిని థర్మోస్టాట్ చాలా కార్లలో 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. దాన్ని అంటిపెట్టుకునే ఆయిల్ వేడి కూడా మామూలు డ్రైవింగ్‌లో 90 నుంచి 110 మధ్య ఆడుతుంటుంది. బయట ఎండ పెరిగితే అది కొద్దిగా పెరుగుతుంది, అంతేగానీ బయట ముప్పై డిగ్రీలు పెరిగాయని లోపల ముప్పై పెరగవు. ఆయిల్ వేడిని నిజంగా ఎక్కించేది ఇంజిన్ మీద పడే భారం: నిండా మనుషులతో సామాన్లతో ఘాట్ ఎక్కడం, ట్రైలర్ లాగడం, గంటల తరబడి హైవే మీద బాగా స్పీడుగా పోవడం, ట్రాక్ మీద తోలడం. చిక్కటి ఆయిల్ గురించి ఆలోచించాల్సింది ఈ వాడకాలున్నవాళ్ళు, అదీ మాన్యువల్ ఒప్పుకుంటేనే.

కొత్త ఇంజిన్‌లో అవసరానికి మించి చిక్కటి ఆయిల్ పోస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే "చిక్కగా ఉంటే పోయేదేముంది" అనేవాళ్ళే ఎక్కువ. ఇప్పటి ఇంజిన్లలో ఆయిల్ రాసుకోకుండా కాపాడటంతో ఆగదు. వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రాంగం ఆయిల్ ప్రెషర్‌తోనే నడుస్తుంది, టైమింగ్ చెయిన్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ చాలా ఇంజిన్లలో ఆయిల్ మీదే ఆధారపడుతుంది, హైడ్రాలిక్ లిఫ్టర్లూ అంతే. ఇవన్నీ ఒక చిక్కదనాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవి. సన్నటి దారుల్లోంచి చిక్కటి ఆయిల్ నెమ్మదిగా కదిలితే వాల్వ్ టైమింగ్ ఆలస్యంగా స్పందించి చెక్ ఇంజిన్ లైట్ వెలిగే అవకాశం కూడా ఉంది. చల్లటి ఇంజిన్‌లో ప్రెషర్ హద్దు దాటితే పంపులోని రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్‌ని వెనక్కి పంపేస్తుంది, అంటే ప్రెషర్ కొలత ఎక్కువ కనిపించినా పైభాగాలకి చేరే ఆయిల్ పెరిగినట్టు కాదు. మైలేజీ తగ్గడం సరేసరి. పిస్టన్‌ని చల్లబరచడానికి కిందనుంచి ఆయిల్ చిమ్మే ఇంజిన్లలో ఆ చిమ్మడం కూడా మందగిస్తుంది.

అలాగని పల్చటిదైతే చాలు అనుకోకూడదు. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 మాత్రమే ఉంటే మైలేజీ ఆశపడి 0డబ్ల్యూ-16 పోయడం చిక్కటిది పోయడంకన్నా పెద్ద తప్పు. 16, 12, 8 గ్రేడులు ఈమధ్య చేరినవి, 16 గ్రేడ్ 2013లో, 12, 8 గ్రేడులు 2015లో జె300లోకి వచ్చాయి. అంత పల్చటి ఆయిల్‌తో నడవాలంటే బేరింగుల వెడల్పు, వాటి పూతలు, ఆయిల్ పంపు అన్నీ దానికి తగ్గట్టు చేసి ఉండాలి. అవి లేని ఇంజిన్‌లో వేడెక్కాక పొర నిలబడదు.

ఒకే ఇంజిన్‌కి వేర్వేరు దేశాల మాన్యువల్స్‌లో వేర్వేరు గ్రేడులు ఎందుకుంటాయని అడుగుతుంటారు. ఒకచోట 0డబ్ల్యూ-20 ఒక్కటే రాస్తారు, ఇంకోచోట అదే ఇంజిన్‌కి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 కూడా వాడొచ్చని రాస్తారు. మైలేజీ, పొగ నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి, కంపెనీ ప్రభుత్వానికి చూపిన మైలేజీ ఏ ఆయిల్‌తో వచ్చిందో ఆ ఆయిల్‌నే అక్కడి కొనుగోలుదారుకి చెప్పాల్సి వస్తుంది. కాబట్టి మైలేజీ ఒత్తిడి ఉందన్నది నిజమే. కానీ దాన్ని పట్టుకుని 0డబ్ల్యూ-20 అంటేనే మోసం అన్నంత దూరం పోవడం సబబు కాదు, దానికోసమే తయారైన ఇంజిన్లు ఆ ఆయిల్‌తోనే ఏళ్ళ తరబడి హాయిగా తిరుగుతున్నాయి. మీ కారు అమ్మిన దేశానికి ఇచ్చిన మాన్యువల్‌లో ఉన్నదే మీకు వర్తిస్తుంది, వారంటీ దాని మీదే నిలబడుతుంది.

స్పెసిఫికేషన్ చదవడం

గ్రేడ్ చిక్కదనం చెబుతుంది. ఆ ఆయిల్‌లో ఏం కలిపారు, ఏ పరీక్షలు నెగ్గింది అన్నది స్పెసిఫికేషన్ చెబుతుంది. ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది ఏపీఐ, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది. ఎస్ అక్షరంతో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజిన్లకి, సీతో మొదలయ్యేవి డీజిల్‌కి. పెట్రోల్‌లో ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్పీ 2020 మేలో, ఎస్‌క్యూ 2025 మార్చిలో. పెట్రోల్ వరసలో కొత్తది పాతదాని స్థానంలో వాడుకోవచ్చు, మాన్యువల్‌లో ఎస్ఎన్ ఉంటే ఎస్పీ నిశ్చింతగా వేయండి, తిరగేసి మాత్రం వద్దు. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్, అందులోనూ పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. అలాంటి ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకుని పెద్ద దెబ్బ లాంటి నాక్ వస్తుంది, దీన్ని లో స్పీడ్ ప్రీ-ఇగ్నిషన్, పొట్టిగా ఎల్ఎస్‌పీఐ అంటారు, పిస్టన్ రింగుల గట్లు విరిగిపోయేంత బలం దానికి ఉంటుంది. ఆయిల్‌లో శుభ్రం చేయడానికి కలిపే కాల్షియం సమ్మేళనాలు దీన్ని పెంచుతున్నాయని తేలింది, అందుకే కొత్త ఆయిల్స్‌లో కాల్షియం తగ్గించి కొంత మెగ్నీషియం వాడుతున్నారు. దీనికోసమే 2018లో ఎస్ఎన్ ప్లస్ తెచ్చారు, ఎస్పీలో టైమింగ్ చెయిన్ అరుగుదల పరీక్ష కూడా చేర్చారు. గ్రేడ్ సరిపోయింది కదా అని ఎక్కడో మిగిలిపోయిన పాత ఎస్ఎల్, ఎస్ఎమ్ డబ్బా తెచ్చి ఇలాంటి ఇంజిన్‌లో పోస్తే ఈ రక్షణ ఏదీ ఉండదు.

రెండోది ఏసీఈఏ, యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఇచ్చేది. ఇక్కడ ఏపీఐ లాగా పెద్ద నంబర్ అంటే కొత్తది, మెరుగైనది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. సీ2, సీ3, సీ5 అన్నవి వేర్వేరు అవసరాలు. సీ3 అంటే హెచ్‌టీహెచ్‌ఎస్ కనీసం 3.5, సీ2 అంటే కనీసం 2.9, సీ5 అయితే 2.6 నుంచి 2.9 మధ్య. సీ3 అడిగిన ఇంజిన్‌లో సీ5 పోయకూడదు. సీ వరస మొత్తం బూడిద తక్కువ వచ్చేలా చేసినది, పొగలోని మసిని పట్టే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న కార్ల కోసం. ఆ ఫిల్టర్‌లో చేరే మసిని బాగా వేడెక్కించి కాల్చేయొచ్చు, దీన్నే రీజెనరేషన్ అంటారు, ఆయిల్ కాలితే మిగిలే బూడిదని కాల్చలేం, అది అందులోనే పేరుకుపోతుంది. సీ3లో సల్ఫేటెడ్ యాష్, అంటే ఆ బూడిద కొలత, 0.8 శాతం దాటకూడదు, ఏసీఈఏలోనే ఇంకో వరస అయిన ఏ3/బీ4 రకం ఆయిల్స్‌లో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. డీపీఎఫ్ ఉన్న డీజిల్ కారులో ఏ3/బీ4 పోస్తే ఇంజిన్‌కి వెంటనే ఏమీ కాదు, బండి మామూలుగానే నడుస్తుంది, ఫిల్టర్ మాత్రం ముందే నిండిపోతుంది, దాన్ని మార్చడం చాలా ఖరీదైన వ్యవహారం.

మూడోది కారు కంపెనీల సొంత అప్రూవల్స్. ఫోక్స్‌వ్యాగన్ 504 00, 507 00, 508 00, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్ 229.51, 229.52, జనరల్ మోటార్స్ డెక్సోస్ లాంటివి. మీ మాన్యువల్‌లో ఇలాంటి నంబర్ ఏదైనా ఉంటే ఇక మిగతా వాదనలన్నీ పక్కన పెట్టేయొచ్చు, డబ్బా మీద అదే నంబర్ ఉండాలి, అంతే. అందులోనే హెచ్‌టీహెచ్‌ఎస్, బూడిద లాంటివి ఇమిడి ఉంటాయి.

డబ్బా వెనకవైపు ఒక్కసారి తీరిగ్గా చదవండి. ఉదాహరణకి ఇలా ఉందనుకుందాం: పై వరసలో "ఏపీఐ ఎస్పీ, ఏసీఈఏ సీ3", తర్వాత "అప్రూవ్డ్" అని ఉండి ఎదురుగా మెర్సిడెస్ 229.51, దాని కింద "మీట్స్ ద రిక్వైర్‌మెంట్స్ ఆఫ్" అని ఉండి ఎదురుగా ఫోక్స్‌వ్యాగన్ 504 00. ఈ రెండు వరసలూ ఒకటి కావు. మొదటిది కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నది. రెండోది ఆయిల్ కంపెనీ తనంతట తాను సరిపోతుందని చెబుతున్నది. రెండోది అబద్ధమని కాదు, మంచి కంపెనీ చెబితే చాలాసార్లు నిజమే అయ్యుంటుంది, కానీ వారంటీలో ఉన్న కారుకి నేనైతే మొదటి వరసలో ఉన్న ఆయిలే ఎంచుకుంటాను. అలాగే ఏపీఐ గుండ్రటి ముద్ర ఉందో లేదో చూడండి, పై సగంలో సర్వీస్ కేటగిరీ, మధ్యలో గ్రేడ్ ఉంటాయి. మామూలుగా "ఎస్పీ లెవెల్ పర్‌ఫార్మెన్స్" అని రాసి ముద్ర లేకపోతే అది లైసెన్స్ తీసుకున్న ఆయిల్ అని చెప్పలేం.

ఇంతకీ మీ కారుకి ఏది

మాన్యువల్ తీయండి, లేకపోతే కంపెనీ సైట్‌లో మీ మోడల్, సంవత్సరం, ఇంజిన్ పెట్టి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. ఇంజిన్ అని ప్రత్యేకంగా అంటున్నాను, ఎందుకంటే ఒకే మోడల్‌లో మామూలు పెట్రోల్, టర్బో పెట్రోల్, డీజిల్ ఉంటాయి, మూడింటికీ మూడు ఆయిల్స్ కావచ్చు, ఎన్ని లీటర్లన్నదీ మారుతుంది. మోడల్ పేరు మాత్రమే చెప్పి ఆయిల్ తెచ్చుకుంటే తేడా వచ్చేది ఇక్కడే. బానెట్ ఎత్తితే ఆయిల్ పోసే మూత మీద కూడా చాలా కార్లలో గ్రేడ్ చెక్కి ఉంటుంది, అది సరిచూసుకోవడానికి పనికొస్తుంది గానీ స్పెసిఫికేషన్ అక్కడ ఉండదు కాబట్టి దాంతోనే సరిపెట్టుకోవద్దు.

మాన్యువల్‌లో ఒక్క గ్రేడ్, ఒక్క స్పెసిఫికేషనే ఉంటే పని అయిపోయింది. రెండు మూడు గ్రేడులు, లేదా బయటి ఉష్ణోగ్రతలతో ఒక పట్టిక ఉంటే అప్పుడు మీ వాడకం చూసుకోవాలి. ముందు మీరుండే చోట ఏడాదిలో పడే చలి, ఎండ రెండింటికీ సరిపోయే గ్రేడులు ఏవో పట్టికలో గుర్తించండి. వాటిలో ముందు అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. తర్వాతి అంకె మాత్రం పని భారాన్ని బట్టి. ఊళ్ళో ఆఫీసుకి ఇంటికి తిరిగే మామూలు పెట్రోల్ కారుకి జాబితాలో ఉన్న పల్చటి గ్రేడ్ చాలు. తరచూ నిండు భారంతో కొండదారులెక్కేవాళ్ళు, టర్బోని గట్టిగా వాడేవాళ్ళు జాబితాలోని చిక్కటి గ్రేడ్ తీసుకోవడం తెలివైన పని. హైబ్రిడ్ కార్లలో ఇంజిన్ మాటిమాటికీ ఆగి మళ్ళీ మొదలవుతుంది, చిన్న ప్రయాణాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు కూడా, అందుకే వాటికి చెప్పిన 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 దగ్గరే ఉండిపోండి.

కావాల్సిన గ్రేడ్ దొరక్కపోతే? అదే స్పెసిఫికేషన్‌లో ఒక మెట్టు చిక్కటిది తాత్కాలికంగా వేయడం, ఒక మెట్టు పల్చటిది వేయడంకన్నా నయం. టయోటా కొన్ని మోడళ్ళ మాన్యువల్‌లో ఇదే మాట రాసింది, 0డబ్ల్యూ-16 దొరక్కపోతే 0డబ్ల్యూ-20 వేయొచ్చు, తర్వాతి ఆయిల్ మార్పులో మళ్ళీ 0డబ్ల్యూ-16కి రావాలని. దారిలో లెవెల్ తగ్గిపోయి టాప్-అప్ చేయాల్సి వస్తే బ్రాండ్ వేరైనా గ్రేడ్ కాస్త అటూ ఇటూ అయినా అర లీటరు పోసుకుని బయల్దేరండి, ఏపీఐ లైసెన్స్ ఉన్న ఆయిల్స్ ఒకదాంతో ఒకటి కలవాలన్నది ఒక నియమం. ఆయిల్ తక్కువతో నడపడంకన్నా ఏ కలగలుపైనా మేలే.

డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లు చిన్న చిన్న దూరాలే తిరిగితే ఇంకో సమస్య ఉంది. ఇంజిన్ సరిగా వేడెక్కకపోవడంతో పెట్రోల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది, అక్కణ్ణుంచి ఆవిరైపోయే అవకాశం దొరకదు. డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతూ ఉంటే, వాసన చూస్తే పెట్రోల్ తగులుతుంటే ఇదే జరుగుతోందని అర్థం. కొందరు దీనికి చిక్కటి ఆయిల్ విరుగుడు అంటారు. నేనైతే గ్రేడ్ జోలికి పోకుండా ఆయిల్ మార్చే గడువు తగ్గించమంటాను, ఎందుకంటే పెట్రోల్ కలిసిన ఆయిల్ ఏ గ్రేడ్‌దైనా పల్చబడుతుంది, దాంట్లోని మందులూ త్వరగా అయిపోతాయి. మాన్యువల్‌లో సివియర్ కండిషన్స్ అని ఒక భాగం ఉంటుంది, చిన్న దూరాలు, ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఐడ్లింగ్, దుమ్ము దారులు అన్నీ అందులోకే వస్తాయి, చాలామంది వాడకం నిజానికి అదే. టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తిరిగే ఇంజిన్ అయితే ఈ గడువు విషయంలో ఇంకా కచ్చితంగా ఉండండి, తప్పు ఆయిల్, పెట్రోల్ కలిసిన ఆయిల్ రెండూ ఆ బెల్ట్ రబ్బర్‌ని తింటాయి, రాలిన ముక్కలు పోయి పంపు ఆయిల్‌ని పీల్చుకునే చోట ఉండే జాలీకి అడ్డం పడతాయి.

పాత కారు ఆయిల్ తాగుతుంటే వెంటనే 20డబ్ల్యూ-50కి దూకొద్దు. ముందు బయటికి ఎక్కడైనా కారుతోందా, ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి పంపే పీసీవీ వాల్వ్ మూసుకుపోయిందా చూపించండి, అది చవకైన భాగం, మార్చగానే వాడకం తగ్గిన కార్లు చాలానే ఉంటాయి. అవన్నీ బాగుంటే అప్పుడు మాన్యువల్ ఒప్పుకున్నంతలో ఒక్క మెట్టు పైకి, 30 నుంచి 40కి, వెళ్ళి చూడొచ్చు. మసి పట్టి బిగుసుకుపోయిన రింగుల్ని చిక్కటి ఆయిల్ బాగుచేయదు, కాసేపు దాచిపెడుతుంది. మార్కెట్‌లో విడిగా అమ్మే ఆయిల్ అడిటివ్ సీసాల జోలికి కూడా పోవద్దు, అన్నీ ఒక లెక్క ప్రకారం కలిపిన ఆయిల్‌లో ఇంకేదో పోస్తే ఆ లెక్క చెడుతుంది.

సర్వీస్ రోజు మీరు దగ్గరుంటే డబ్బా సీల్ మీ ముందే తీయమనండి, ముందు వెనక ఫోటో తీసుకుని బిల్లుతోపాటు దాచుకోండి, వారంటీ మాట వచ్చిన రోజు అది పనికొస్తుంది. బిల్లులో ఉత్తినే "ఇంజిన్ ఆయిల్" అని కాకుండా గ్రేడ్, స్పెసిఫికేషన్ రాయించుకోండి. ఫిల్టర్ కూడా మార్చారో లేదో అడగండి. బండి తెచ్చుకున్నాక చదునైన చోట ఆపి, ఇంజిన్ వేడిగా ఉండగా ఆఫ్ చేసి ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడండి. రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకి కొంచెం కింద ఉంటే చాలు. పై గుర్తు దాటి పోసేసి ఉంటే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఎక్కువైనది తీయించేయాలి. డిప్‌స్టిక్ లేని కార్లలో స్క్రీన్ మీద కొలిచే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది, దానికి ఇంజిన్ ఎంత వేడెక్కాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. కొన్ని రోజులకే ఆయిల్ నల్లబడిందని కంగారుపడకండి, డీజిల్‌లో అయితే ఒక్క రోజులోనే నల్లబడుతుంది, మసిని తనలో కలుపుకుని తిప్పడం దాని పని. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక లెవెల్ మళ్ళీ ఒకసారి చూసి, ఎంత తగ్గిందో ఆ బిల్లు మీదే రాసిపెట్టుకోండి.